దిష్టిచుక్క

పీణ్యా రెండో స్టేజీ, పద్నాలుగో క్రాసు.
కింద లేతు మిషన్ల రొద. మేడ మీద మేం,
చచ్చిన సర్క్యూట్ బోర్డులకు పంచనామా చేసేవాళ్ళం.

మునివెంకటప్ప ముప్పై ఏళ్ళుగా వేలితోనే చూశాడు.
కరెంటిచ్చి, కళ్ళు మూసుకుని,
పిల్ల నుదుటి మీద జ్వరం వెతికినట్టు
ఒక్కో చిప్ మీదా చూపుడువేలు ఆనించి
చటుక్కున లాక్కుని
"ఈ నా కొడుకే" అనేవాడు.
కోలారు తెలుగు, తిట్టుకి కూడా కాస్త కన్నడ తడి.
వేలికి అందనంత చిన్నదైతే
దూదితో స్పిరిట్ పూసి కూర్చునేవాడు.
ఎక్కడ ముందు ఆరితే అక్కడ దొంగ.

జూన్‌లో కెమెరా వచ్చింది.
నా టిఫిన్ డబ్బా అంత.
ధర విని "పాత మారుతీ కారొస్తుంది కదమ్మా" అన్నాడు.
"కారు షార్ట్ పట్టిస్తుందా?" అన్నాను.
జవాబు చెప్పకుండా వేలు ఊదుకున్నాడు.

ఆ రోజు బోర్డు ఒక లిఫ్టుది.
యశవంతపురంలో ఏడంతస్తుల వాళ్ళు
మూడు రోజులుగా మెట్లెక్కుతున్నారు,
గంటకోసారి ఫోను.
తెర మీద బోర్డు నేరేడుపండు రంగులో పడుకుని ఉంది.
ఒక మూల మాత్రం, రేకు మూత మీద,
పసుప్పచ్చని మచ్చ.
దొరికిందనుకున్నాను.
వంగితే వంగింది. పక్కకి జరిగితే జరిగింది.
నా మొహం వేడే అది.

ఆయన నవ్విన నవ్వుకి
కింద లేతు ఆగిందేమో అనిపించింది.

మెరిసే లోహం అంతే,
తన ఒంటి వేడి చెప్పదు,
ఎదుటివాళ్ళది చూపిస్తుంది.
మాన్యువల్లో ఉంది, ముప్పై రెండో పేజీ:
నల్లని టేపు ముక్క అతికించండి.
"దిష్టిచుక్క" అన్నాడు మునివెంకటప్ప
మాన్యువల్ వైపు చూడకుండానే.
గోరంత ముక్క కత్తిరించి
ఆ తళతళలాడే బుగ్గ మీద పెట్టాను.
ముప్పై నాలుగు అన్న అంకె
అరవై ఒకటైంది.

అయినా అది దొంగ కాదు.
అది పవర్ ఇచ్చే చిప్. ఎవడో లాగేస్తుంటే
మొయ్యలేక కాలుతోంది.
ఇలాంటివాళ్ళనే ముందు పట్టుకుంటాం,
నేనూ పట్టుకున్నాను,
పోయిన నెల రెండు మంచి చిప్‌లు పీకి పారేశాను.
ఎవరికీ చెప్పలేదు.

ఆ చిప్‌ని నిద్రపుచ్చి
వోల్టు కన్నా తక్కువ, చాలా తక్కువ,
చంటిపిల్లకి గ్లాసుతో కాదు ఉగ్గుగిన్నెతో పోసినట్టు
బయట నుంచి కరెంటు వదిలాం.
తెర నిండా నేరేడు.
ఫ్యాను ఆపాడు. ఊపిరి కూడా ఆపాడనుకుంటా.

అప్పుడు, ఎవరూ అనుమానించని చివర,
కనెక్టర్ నీడలో,
నువ్వుగింజంత కెపాసిటర్ ఒకటి
మెల్లగా ఎర్రబడింది,
తర్వాత నారింజ, తర్వాత తెలుపు.
పక్కనే పదహారు నువ్వుగింజలు, అచ్చం అలాంటివే,
ఏమీ ఎరగనట్టు.

ట్వీజర్‌తో పీకి, అరచేతిలో వేసుకుని
చాలాసేపు చూశాడు.
"ఇది నా వేలికి దొరికేది కాదు."
అంతే అన్నాడు.
దాన్ని జేబులో వేసుకున్నాడు, ఎందుకో.

ఆరున్నర. బల్ల మీద చెయ్యి ఊని లేచాడు,
మోకాళ్ళ కోసం.
తలుపు దగ్గర హాజరు మిషన్ మీద బొటనవేలు పెట్టాడు.
"ప్లీజ్ ట్రై అగైన్" అంది ఆడగొంతు.
చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.
"ప్లీజ్ ట్రై అగైన్."
ముప్పై ఏళ్ళ వేడి ఆ వేళ్ళ గీతలు తినేసింది.
ఆ మిషన్‌కి ఆయన రోజూ ఎవరూ కాదు.
వాచ్‌మన్ బసవణ్ణ రిజిస్టరు తీసి
పేరు రాసుకున్నాడు, రోజూలాగే.

కెమెరా ఆపుదామని తిరిగాను.
తెర మీద, నీలం రబ్బరు పరుపు మీద,
అయిదు వేళ్ళు, అరచెయ్యి,
బొటనవేలు కాస్త వంకరగా,
పచ్చగా వెలుగుతున్నాయి.
బల్ల మీద చూస్తే ఏమీ లేదు.
తెర మీద చెయ్యి
అంచుల నుంచి నేరేడు రంగులోకి జారుతోంది.

బటన్ నొక్కాను.
ఫైలుకి పేరు అడిగింది.
లిఫ్టు బోర్డు నంబరు టైపు చేసి, చెరిపి,
తేదీ ఒక్కటే పెట్టాను.