ఊరుకుంది

పర్లాకిమిడిలో మార్చి ఎండ
జవాబు పత్రాల కట్ట మీద పిల్లిలా పడుకుంది.
ఎనిమిదో ప్రశ్న, పది మార్కులు:
రెండు కథల్లోని నిష్క్రియ నాయికలను పోల్చండి.
ప్రశ్న ఇచ్చింది నేనే.
'నిష్క్రియ' అన్న మాట పాత నోట్సులోంచి తీశాను,
మా ఇళ్ళల్లో ఎవర్నీ అలా తిట్టగా వినలేదు.

తెలుగు కథలో తవిటమ్మ.
జీడితోట కాగితం మీద
అన్న ఆమె బొటనవేలు పట్టుకుని అద్దాడు.
ఊరుకుంది, అంటాడు రచయిత.
నాలుగు పేజీల్లో పదకొండుసార్లు ఊరుకుంది,
పెన్సిల్‌తో గీసుకుంటూ లెక్కపెట్టాను.
సిరా మాత్రం కడుక్కోలేదు.
ఆ వేలితోనే మూడు రోజులు
అన్నం కలిపి అన్నకు పెట్టింది.
అన్న తిన్నాడు.

ఒడియా కథలో కునిబాల, బడిలో వంటమనిషి.
బియ్యం పన్నెండు బస్తాలు ముట్టాయని
సంతకం పెట్టమంటాడు హెడ్మాస్టరు.
వచ్చినవి తొమ్మిది.
పెట్టననదు. పెడతాననీ అనదు.
కలం పట్టుకుని బెంచీ మీద కూర్చుంటుంది
పిల్లలు తిని, కంచాలు కడిగి, ఇళ్ళకెళ్ళి,
మర్నాడు మళ్ళీ వచ్చేదాకా.
చివర్న ఒకే ఒక్కసారి: 'సహిగలా.'
దాన్ని తెలుగులోకి తెద్దామని వారం పెనుగులాడాను.
ఓర్చుకుంది అంటే పుణ్యం అంటుకుంటుంది.
భరించింది అంటే బరువొకటే మిగులుతుంది.
సహించింది, అది పంతులుగారి మాట.
పక్కింటి సులోచనా పాణిగ్రాహి వక్క కొరుకుతూ
'మీ ఊరుకుందే పెట్టెయ్యండి' అని నవ్వింది.

పిల్లలంతా ఒకటే రాశారు:
ఇద్దరూ బలహీనులు, ఇద్దరికీ చైతన్యం లేదు,
ఎదిరించి ఉంటే బాగుండేది.
గైడు ఒకటే కదా.
పదిహేడో నంబరు పిల్ల మాత్రం
జవాబు మధ్యలో వదిలేసి నన్నే అడిగింది:
'మేడమ్, మహేంద్రతనయ ఎండినప్పుడు
ఇసకలో చెలమ తవ్వుతాం.
తవ్వగానే నీళ్ళుండవు.
చెయ్యి తీసేసి పక్కన కూర్చోవాలి, అప్పుడు ఊరతాయి.
అలా కూర్చోవడం ఏ పనీ చెయ్యకపోవడమేనా?'
రాసి, అడ్డంగా కొట్టేసింది,
కొట్టేసినా చదవడానికి వీలుగా.

అంత తేలిగ్గా ఒప్పుకోను.
తవిటమ్మ తోట పోయింది, చెలమా లేదు గిలమా లేదు.
ఆ చెట్ల కిందే ఇప్పుడు గింజలేరే కూలి ఆమె.
కునిబాల తర్వాత ఏమైందో రచయిత్రి చెప్పలేదు,
పన్నెండని ఇంకో చెయ్యి రాసే ఉంటుంది.

మధ్యాహ్నం నుంచి మూడోసారి ఫోను, ప్రిన్సిపాల్‌గారు.
ఇరవైమూడో నంబరు
జీడిపప్పు కంపెనీ వాళ్ళబ్బాయట.
'ఓ ఆరు మార్కులు కలిపితే మీ సొమ్మేం పోయిందమ్మా,
వింటున్నారా?'
'ఊ' అన్నాను.
కథ చెబుతుంటే ఊ కొట్టడం చిన్ననాటి అలవాటు.
ఒప్పుకున్నానని కాదు,
ఇంకా నిద్రపోలేదని.

ఎర్రపెన్ను మూత తీసి అరగంటైంది.
ఇరవైమూడు ఎదుట గడి ఖాళీ.
వేలికి ఎరుపంటింది.
వంటింట్లోంచి మా అమ్మాయి
అన్నం కలపమని పిలుస్తోంది.
కరెంటు పోయింది,
చీకట్లో ఫోను వెలుగుతోంది, నాలుగోసారి.

పదిహేడుకి మాత్రం వేసేశాను,
కొట్టేసిన జవాబు దిద్దకూడదని తెలిసే,
ఏడు.