తోకగాలి

ఎంక్వైరీ సార్లు ముగ్గురొచ్చిరి.
మా శనగచేని గట్టు మీద కుర్చీలేసుకొని
"ఏం చూసినావో చెప్పు పెద్దాయనా" అనిరి.

నేను చూసింది మీ కాగితంలో పట్టేది కాదు సార్.
సరే, రాసుకోండి.
పేరు కురువ బీరలింగ. ఊరు ఆలూరు పక్కన.
గొర్లు నూటా నలభై.
చదువు లేదు. గాలి తెలుసు.

మూడేండ్లుగా జింకలు మా మొలక తింటుండాయి.
రాత్రంతా రేకుడబ్బా కొట్టి కొట్టి
నా పెండ్లాం మాదేవక్కకు భుజం పడిపోయింది.
చంపగూడదు, కేసు.
అందుకని హెలికాప్టరు తెచ్చిరి.
పచ్చగుడ్డతో గరాటా మాదిరి గోడలు కట్టి
పైనుంచి అదిలించి లోపలికి తోలాలని.
ఓట్లప్పుడు తప్ప దాన్ని చూడని ఊరు
పిల్లల్ని చంకనేసుకొని వచ్చింది.

నడిపేటాయన కొడగు మనిషి, పొన్నప్ప.
ఆయన కన్నడంలో కాఫీ వాసన, నా కన్నడంలో గొర్రె వాసన,
అయినా మాట కలిసె.
ఆస్ట్రేలియాలో ఆవులమందలు తోలినాడంట, ఇట్లే, ఆకాశంలోనుంచి.
"నీదీ నాదీ ఒకే పని" అనె.
నాకు నవ్వొచ్చె.
కుక్క లేకుండా తోలేవాడు ఏం కాపరి?

మందను మళ్లించే ముందు
చిటికెడు మన్ను తీసి వదుల్తాను నేను.
యాడికి రాల్తే ఆ దిక్కు గాలి.
ఆయనా వంగె, చిటికెడు తీసె, వదిలె.
నల్లమన్ను ఆయన బూట్ల మీదనే రాలె.
"కింద ఇది.
పైన నా గాలి నేనే మోసుకుపోతాను" అనె.

ఆ మాట రాసుకోండి సార్.
రాయరా? సరే.

మొదటి రెండు మందలు బాగనే పోయె.
మూడోదాంట్లో ఒక నల్లపోతు, మెలికల కొమ్ములది,
గుడ్డగోడను చూసి నిలబడె.
వెనక్కి తిరిగె.
విడిపోయినదాని ఎంటబడగూడదు సార్.
ఒకటి పోతే పోనీ, మందను చూడు,
మా నాయన నాకు నేర్పిన మొదటి మాట అది.
నేనది ఆయనకు చెప్పలేదు.
తోచలేదు. మన్నుతో ఆడుకుంటా ఉంటిమి.

పోతు వంక దిక్కు ఉరికె.
హెలికాప్టరు దాని మీదికి వంగె.
రెండు కరెంటు స్తంభాలెత్తు, అంతకు మించి లేదు.
మెల్లగా, శానా మెల్లగా,
అది ఎట్లా మళ్లితే అట్లా మళ్లుకుంటా.
వంకకాడ గాలి వేరే.
రెండు గట్ల నడుమ నలిగి, వెనకనుంచి తోసుకొస్తుంది.
నా గొంగడి కొస లేచి నోటికి తగిలె.
అప్పుడే దాని తోక పక్కకు జరిగె.

కొంచెమే.
కొత్తకోడె కాడి కింద నడుం జరిపినట్టు.
తర్వాత తిరిగె,
తన తోకను తనే కరవబోయే కుక్క మాదిరి
ఒకసారి, రెండుసార్లు.
మూడో చుట్టులో అద్దం వెనక ఆయన ముఖం కనపడె,
పోయె, మళ్లీ కనపడె.
అరుస్తున్నట్టు లేదు.
లెక్క చేస్తున్నట్టుండె.

సప్పుడు గురించి అడగొద్దండి.

పెట్రోలు వాసన, నలిగిన పచ్చిశనగ వాసన.
నేనూ మస్తాన్‌వలీ కొడవలితో బెల్టు కోసి బయటికి లాగితిమి.
నా గొంగడి కప్పితిని.
కన్నడంలో ఏదో అనె.
"గాళి" అనెనో, "కాలు" అనెనో.
కాలు రెండు భాషల్లోనూ కాలే.
ఆదోని చేరలేదంట.
గొంగడి తిరిగి రాలేదు, నేను అడగనూ లేదు.

ఆ రాత్రి ఊళ్లో ఎవరూ రేకుడబ్బా కొట్టలేదు.
జింకలు వచ్చి, మేసినంత మేసి, పోయె.
మాదేవక్క పడుకొని వింటా ఉండె, నేనూ వింటా ఉంటిని,
పండ్ల కింద మొలక తెగే సప్పుడు.

"గాలి మోస్తరు" అని చదివితిరే ఇందాక,
యాడ మోస్తరు సార్?
ఈ గట్టు మీదనా, ఆ వంకలోనా?

వేలిముద్రా? ఇదో.
వేలికి మన్నుంది.
తుడవమంటారా,
అట్లనే వేయమంటారా?