బాబిన్ కుడికాలు

ఏడు నెలల కుక్క. తూకానికి రెండు ఉప్పు పొట్లాలు.
మిల్లుల్లో ఎలకలు పట్టడానికి మా యార్క్‌షైర్ వాళ్ళు పెంచిన జాతి.
దారపు కండెలా ఇంటినిండా దొర్లేది,
అందుకే బాబిన్.

అక్టోబరులో ఒక పొద్దున
రాతిమెట్లు మూడు కాళ్ళతో దిగింది.
నాలుగోది మడిచిన తడిగొడుగులా
పొట్టకింద పట్టుకుని.

ఎదురింటి కీరన్ వీధిలో ఎప్పుడూ బంతి తంతుంటాడు.
నిప్పు లేనిదే పొగ రాదన్నాను,
గుమ్మంలో వాళ్ళమ్మకి వినబడేలా.
వాడు చెవులదాకా ఎర్రబడ్డాడు, మాట్లాడలేదు.
ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

హాలిఫాక్స్‌లో డాక్టరు షగుఫ్తా
ఎక్స్‌రేని తెరమీద పెట్టి పెన్నుమొనతో చూపించింది.
ఇది గిన్నె. ఇది గిన్నెలో తిరగాల్సిన గుండు.
ఎడమది ఒలిచిన బఠాణీ.
కుడిది
పురుగు తిన్న ఉన్ని.

"ఎవరు తన్నారంటారు?"
"ఎవరూ తన్నలేదు మిసెస్ ఆక్‌రాయిడ్.
నెత్తురు రావడం మానేసింది."

తొడ ఎముక తలకి వెళ్ళే సన్నటి దారి
ఎందుకో మూసుకుందట.
లోపల ఎముక పస్తులుండి చచ్చిపోయి,
పైన ఇది గెంతిన ప్రతి గెంతుకీ
కొంచెం కొంచెం నలిగిందట.
చిన్న జాతుల్లో, ఏడాది నిండకముందే వస్తుందట.
అమ్మ వైపుదో నాన్న వైపుదో, పాత బాకీ.
"దీనికి మాత్రం పిల్లలు వద్దు" అంది,
ఆ మాట కాస్త మెల్లగా.

నా తుంటిలో రెండేళ్ళుగా ఒక ఉక్కు గుండుంది.
చలి వస్తోందని నాకన్నా దానికే ముందు తెలుస్తుంది.
దీనికీ అలాంటిదే పెడతారా అన్నాను.
"ఏమీ పెట్టం. చచ్చిన తల కోసి తీసేస్తాం.
అక్కడ ఖాళీ వదిలేస్తాం."
ఖాళీ మీద ఎలా నడుస్తుంది?
"కండ పట్టుకుంటుంది, నడిపిస్తే.
జాలిపడి చంకనేసుకుంటే పట్టుకోదు."

ముప్పైరెండేళ్ళు నేను చేసిందీ అదే పని,
తెగిన పోగు చోట పక్కపోగుల్ని దగ్గరికి లాగి
గుడ్డ ఏమీ ఎరగనట్టు అల్లడం.
అయినా నమ్మకం కుదరలేదు.

ఆ సాయంత్రం ఎదురింటి తలుపు కొట్టాను.
దారంతా కూడబలుక్కున్న మాట గొంతుకడ్డం పడింది.
"నెత్తురు రావడం మానేసిందట" అన్నాను,
ఇంకేం చెప్పాలో చేతకాక.
కీరన్ తల్లి తలుపు సగమే తెరిచింది.
అంతే తెరిచి ఉంచింది.

కుట్లు విప్పిన వారానికి వాడే వచ్చి
తాడు అడిగాడు. నా మొహంకేసి చూడలేదు.

కాలువగట్టున వాళ్ళు ముందు,
నేనూ నా చేతికర్రా వెనక.
మూడు, మూడు, మూడు అని లెక్కపెడుతున్నాను.
లాకు దాటాక నాలుగోది నేలని ముట్టుకుంది,
కాలుతున్న పెనం మీద వేలు పెట్టి తీసినట్టు.
మళ్ళీ పైకి.
మళ్ళీ కిందికి.

"శభాష్!" అని అరిచాడు కీరన్.
కుక్కనే అన్నాడు,
నాకు వినబడేలా.