గ్యాసు తెలిసినోడు

ఓబుళేసు సంచి విప్పి బల్లమీద పెట్టినాడు
పచ్చ సీసా, మూతికి ఇనుప తీగల చిక్కం.
"బెంగుళూరు షావుకారు ఇచ్చినాడు బాబయ్యా,
ద్రాక్ష లోడు కొన్న సంతోషానికి. ఇటలీ సరుకంట.
తెరుద్దామంటే భయమైతాంది.
తాడిపత్రిలో గ్యాసు సంగతి తెలిసినోడివి నువ్వే గదా."

నిజమే. ముప్పై ఏండ్లుగా
గోలీని బొటనవేలితో కిందికి కొట్టి
కీచుమనిపించి బతుకుతున్నోణ్ణి.
పేలిన సోడా గాజు ఒకటి నా ఎడమ కనుబొమలో
ఇంకా గీర మాదిరి ఉంది.

ఎత్తి చూసినా. బరువు. అడుగు మందం.

షావుకారు చెప్పింది ఓబుళేసు అప్పజెప్పినాడు:
గుట్ట వాలులో, కాలు నిలవని చోట
చేతులతో కోస్తారంట తెల్ల ద్రాక్ష.
రసం ఒకసారి పులుస్తుంది. అప్పటికది
ఉలుకూ పలుకూ లేని వైను, అలిగిన మనిషి లెక్క.
మళ్ళీ ఇంత చక్కెర, ఇంత ఈస్టు వేసి
ఉక్కు ట్యాంకులో పోసి బిగిస్తారు.
లోపల రెండోసారి పొంగుతుంది.
విడిచిన ఊపిరికి దోవ దొరక్క
తిరిగి తనలోకే ఇంకిపోతుంది.

"దోసెపిండికి మూత బిగించి మరిచినట్టా?"
లోపలి నుంచి మా మస్తానమ్మ.
"పోయిన ఎండల్లో ఎగిరి దూలానికి తగల్లా!"
"అదే అక్కా, వాళ్ళు ఎగరనీరు."

నేను చానాసేపు మాట్లాడలా.
నాది కొన్న గాలి.
గుత్తి రోడ్డు నుంచి సిలిండర్లో వస్తుంది,
అప్పు చీటీతో సహా.
బోరు నీళ్ళల్లోకి తోసి, చక్రం తిప్పి
బుడగని బలవంతాన కూర్చోబెడతా.
తెరవంగానే పారిపోతుంది.

తీగ ఆరు చుట్లు విప్పినా.
బిరడాను గట్టిగా పట్టుకోని సీసాను తిప్పినా.
ఎవరూ నేర్పలా, చేతికే తెలిసింది.
పేలలా. నిట్టూర్చింది, అంతే.

ఓబుళేసు స్టీలు గ్లాసులో పోసుకున్నాడు.
"పచ్చి జామకాయ కొరికినట్టుంది.
వెనక ఏదో తెల్లపువ్వు. తీపా అంటే, కాదు."
దాచిపెట్టకూడదంట,
ఏడాది రెండేండ్లలో తాగెయ్యాలంట.
ముసలితనం పనికిరాని సరుకు.

నేను తాగను. మా ఇంట్లో ఎవరూ తాగరు.
గ్లాసు తీసుకోని చెవికాడ పెట్టుకున్నా.

ఎండిపోతున్న బుడ్డల చేను మీద, ఆగస్టులో,
పడుతుందో లేదో తెలియని వాన
తొలి నాలుగు చినుకులు రాల్చినప్పుడు
అచ్చం అట్లే ఉంటుంది.

"ఏమంటాందప్పా?"
"ఉండు," అన్నా.
బయట ఎవరో పిల్లోడు
నిమ్మకాయ సోడా అని అరుస్తున్నాడు.