తెగకూడదు

ఆగస్టు తొమ్మిదిన ఆమదాలవలసలో
వేరావల్ ఎల్లే రైలెక్కుతా
నా సేతిలో రెండు పెట్టినావు:
గేసుబండ డబ్బులు, నీ పాత ఫోను.
"రోజూ ఒక్కపాలి తెరువు. ఎర్రపెట్టె మీద నొక్కు.
ఒక్క రోజు తప్పినా వరస తెగిపోద్ది.
ఆట ఆడక్కర్నేదు, నొక్కితే సాలు."

ఆట గురించి నాకేటి తెలుసు?
వేట మూసిన రెండు నెల్లూ
తుఫాను షెల్టరు మిద్దె మీద,
సిగ్నలు దొరికేది మనూళ్ళో అక్కడే కదా,
నువ్వు, నరిసింగు, దానేసు, సిన కొర్లయ్య
తలలొంచుకున్న కొంగల్లాగ.
అన్నానికి పిలిస్తే పలకని నోళ్ళు
"ఎనకాలున్నాడ్రా! బేగి రా!" అని
ఊరంతా ఇనబడేటట్టు అరిసేవి.

పోటీ అని ఒకటొచ్చింది. గెలిస్తే లచ్చలంట.
'కోనాం బాయ్స్' అని గోడ మీద బొగ్గుతో రాసినాడు దానేసు.
రెండో రౌండులో వాన.
మీ బొమ్మలు నాలుగూ గడ్డిలో బిగుసుకుపోయి నిలబడితే
ఎవుడో తాపీగా కాల్చీసినాడు.
ఓడినోళ్ళకీ నీలం గొడుగొకటి ఇచ్చినారు.
ఎక్కడో ఢిల్లీలో జరిగిన ఫైనలు
తెల్లార్లూ సూసినారు,
సూసినందుకు ఇంకో పెట్టె.

సూసినందుకే!
మాయమ్మ నలబై ఏళ్ళు గట్టు మీద నిలబడి
సంద్రాన్ని సూసింది.

నొక్కుతన్నాను.
మొదటిరోజు యాబై బిళ్ళలు.
ఏడోరోజు నీ బొమ్మకి పులిసారల కోటు.
నీ బనీను భుజం కాడ సిరిగిందని
నాను కుట్టి పంపింది గుర్తొచ్చింది.
పైన గడియారం: సీజను అయిపోడానికి పదకొండు రోజులు.
పది.
తొమ్మిది.
నాకేటి పోద్దని ఈ దడ?

వలంటే నాకు తెలుసు.
కన్ను పెద్దదైతే సేప జారిపోద్ది,
మరీ సిన్నదైతే నాసు పట్టి బరువెక్కుద్ది.
దీన్ని అల్లినోడెవుడో గానీ మంచి పనోడు,
కన్ను సరిగ్గా మనిసంత ఉంచినాడు.

ఓ రాత్రి నీ బొమ్మ పక్కన
ఇంకో మూడు బొమ్మలొచ్చి నిలబడ్డాయి,
తుపాకులు భుజానేసుకుని.
మీరు నలుగురూ సిగ్నలందని నీళ్ళలో ఉంటే
ఇక్కడ ఆకుపచ్చ సుక్కలు నాలుగు.
నరిసింగు బొమ్మ కింద అచ్చరాలు పడ్డాయి:
"వొదినా, తిన్నావా?"
గున్నమ్మ!
దానేసు బొమ్మ వాళ్ళమ్మంట, అచ్చరం రాదు,
నవ్వే మొకం ఒకటి పంపింది.
కొర్లయ్య సెల్లెలు ఎగిరే బొత్తాం కనిపెట్టింది.
నలుగురం కాసేపు ఎగిరినాం,
ఎవుల్నీ కాల్సనేదు.

ఇరవైమూడో రోజు జ్వరం. కళ్ళు తెరవనేదు.
ఇరవైనాలుగున వరస తెగి ఉంది.
కిందనే రాసుంది:
ముడెయ్యాలంటే ఇరవైతొమ్మిది రూపాయలు.
గేసుబండ డబ్బుల్లోంచి తీసి
యేసీసినాను.

పద్దెనిమిది రోజుల వేట ముగిసి
ఒడ్డుకొచ్చి ఫోన్ చేసినావు.
గాలి హోరులో మొదటి మాట:
"తెగనేదు కదా?"
"నేదు" అన్నాను.
"బాగున్నావా?" అని తరవాత అడిగినావు.
దానికీ
అదే ఊపులో
"ఆఁ" అనీసినాను.

రేపటి నుంచి కొత్త సీజనంట.
మళ్ళీ ఒకటి కాడినుంచి.