మంచు పడిన వారం

మన్‌జానోలో కుర్చీలు తప్ప ఏవీ పుట్టవంటారు.
ఎర్మెస్ కార్ఖానాలో
పద్నాలుగేళ్లుగా కుర్చీకాళ్లు చెక్కుతున్న యంత్రం
మంగళవారం పొద్దున్నే డిస్కు పోయి
ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

"కొత్తది వేసెయ్" అన్నాడు ఎర్మెస్,
బల్బు మార్చమన్నంత తేలిగ్గా.
వేశాను. సరికొత్త కెర్నెల్, దాని మీద సరికొత్త ప్యాచ్,
ఒక్క తప్పూ చూపకుండా కంపైలయింది.
బీచ్ కర్ర బిగించాం. కాలు దిగింది,
కంటికి నున్నగానే ఉంది.
ఇసక కాగితం పట్టే నీవెస్
గోటితో పైనుంచి కిందకి గీసుకొస్తూ
నాలుగుచోట్ల ఆగింది.
"ఇక్కడ తడబడింది. ఇక్కడ. ఇక్కడ. ఇదిగో, ఇక్కడ కూడా."

లిప్తలో ఎన్నో వంతో,
ఆ కాస్త ఆలస్యానికే
ఉలి చెక్కలో పన్ను దిగబెట్టింది.

పాత ప్యాచ్ ఒక సీడీలో దొరికింది.
ఫైలు పేరు: ఇదే చివరిది.
ఏ సోర్సుకి అతుకో రాయలేదు మహానుభావుడు.
రెండు చుక్క ఆరు చుక్క,
ఆ తర్వాతంతా అడవి.
దగ్గరగా కనబడినదాని మీద బలవంతంగా వేశాను.
నూటపదిహేడు ముక్కల్లో నూటపదమూడు అతికాయి.
అతకని నాలుగూ
గడియారం దగ్గరివే.

అమర్చినవాడు ఒరెస్తె. ఇప్పుడు మోన్‌ఫాల్కోనెలో
పడవల ఇంజన్లు చూస్తాడు.
ఫోన్లో గాలి, వెనకెవరో సుత్తితో కొడుతున్నారు.
"నంబరా? నా బూట్ల నంబరడుగు, చెప్తా."
కాసేపు సుత్తి చప్పుడే.
"మంచు పడింది. మీ షెడ్డు కప్పు కూలిన వారం.
చేతులకి తొడుగులతో టైపు చేశాను.
అప్పటికి అన్నిటికంటే కొత్తది కాదు,
దాని ముందుది వేశా. ఎందుకో అడక్కు."

ఏ ఏడాదో ఎర్మెస్‌కి గుర్తులేదు.
"మా కుక్క బతికే ఉంది అప్పటికి" అంది నీవెస్.
అట్టపెట్టెలు దించాం.
కరెంటు బిల్లులు, జిగురు డబ్బాల రసీదులు,
వసూలు కాని ఒక బాకీ
(దాని మీద ఎర్మెస్ పావుగంట తిట్టాడు),
నాలుగో పెట్టెలో కప్పు వేసినవాడి చీటీ:
ఫిబ్రవరి పద్నాలుగు. రేకులు ఇరవై రెండు. మేకులు ఉచితం.

ఆ తేదీ చేత్తో పట్టుకుని
పాత సోర్సుల వరస దిగాను.
ఫిబ్రవరి మొదట్లో ఒకటి. దాని కింద, జనవరిలో ఒకటి.
జనవరిది విప్పి అతుకు వేశాను.
పేర్లు పైకి పరిగెడుతున్నాయి,
నేను పెదవి కొరుక్కుంటున్నాను,
చివరి పేరు దాటి
కర్సర్ ఒక్కటే మినుక్కుమంటోంది.
ప్యాచ్‌కి నచ్చితే మాటలుండవు.

శుక్రవారం కాలు దిగింది.
నీవెస్ గోరు పైనుంచి మడమ దాకా
ఎక్కడా ఆగకుండా జారింది.
ఇంకోసారి జార్చి చూసుకుని
ఇసక కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"మరి ఇది పాతదేగా?" అన్నాడు ఎర్మెస్.
"పాతదే."
"కొత్తదెప్పుడు వేస్తావ్?"

నాలుగు నొక్కుల కాలుని
తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను.
గోడ మీద సుద్దతో నంబరు మొత్తం రాశాను,
ఒక్క చుక్కా వదలకుండా.
కింద ఇంకో ముక్క:
ఈసారి మంచు లేదు. వాన.