తుప్పు పట్టించే పని

ముప్పై రెండేండ్లు కాజీపేట డీజిల్ షెడ్డుల
ఇంజన్ల మురికి కడిగిన చేతులివి.
ఇప్పుడు జానెడు ఇంజనుకు
మురికి పట్టిస్తున్నయి.

అసలు దాంట్ల ఎనభై ఏడో వంతు.
అతికిచ్చి, రంగేసి, కిటికీ కాడ పెట్టిన.
మెరుస్తున్నది.
బెల్లంపల్లి బొగ్గు గుంజిన బండి
గాజుల అంగట్ల బొమ్మ లెక్క మెరుస్తదా?

మసి గావాలె. తుప్పు గావాలె.
ఎండకు వెలిసి వానకు కారిన మరకలు గావాలె.
ముదురు గోధుమ రంగున్నది, దాన్ని నీళ్ళ తీరు పలచన చెయ్యాలె.
గంతే. గాడ్నే ఉన్నది తిప్పలంత.

మోడళ్ళ కోసమని అమ్మే సీసా
దగ్గు మందు సీసాల సగముంటది, నాలుగు వందల ఎనభై.
మూత తిప్పకముందే పింఛను ఆవిరైతది.

స్టేషన్ రోడ్డుల యాకూబ్ పాషా దుకాణం.
"గోడకా, తలుపుకా?"
"ఇంజనుకు."
"ఎన్ని లీటర్లు?"
"రెండు చెంచాలు."
కౌంటర్ మీద చెయ్యి ఆపి
నన్నొకసారి కిందికీ మీదికీ చూసిండు.

ఎన్.సి. థిన్నరు ఇచ్చిండు ముందుగాల.
కిట్టు ఫ్రేము ముక్క మీద ఒక్క బొట్టేసిన,
ప్లాస్టికు పాకం తీరు మెత్తవడి వేలికంటుకున్నది.
అది బీరువాలకు, నా బండికి గాదు.

ఓదెలు ఇంట్ల డబ్బా అడుగున
ఏ కాలందో కిరసనాయిలు.
తెల్ల కాయితం మీద బొట్టేసి పండుకున్న.
మూడో రోజుకు గూడ
మిర్చిబజ్జీ పొట్లం తీరు నూనె వలయం.

పెట్రోలు సంగతి ఎత్తంగనే
మా సమ్మక్క వంటింట్ల నుంచే "ఇల్లు తగలవెడ్తవా" అన్నది.
వద్దు. అసలే అది ఆత్రపుది,
రంగును నడి దారిల ఇడిసిపెట్టి తానెగిరిపోతది.

ఆఖరుకు మినరల్ టర్పెంటైను.
లీటరు నూట అరవై, నెల కాదు, నా జన్మకు సరిపోతది.
కాయితం మీద ఆరింది, ఆనవాలు లేదు.
మీద వార్నిషు పూసి
రెండు రోజులు బండిని ముట్టలే,
ముట్టబుద్ధైనప్పుడల్లా వడ్డేపల్లి చెరువు దాకా నడిసొచ్చిన.

కుంచె మొనతోని తాకిచ్చిన.
రివెట్ల పక్కపొంటి
చీమల బారు లెక్క తానే వారుకుంటవోయింది రంగు.
దూది పుల్లతోని పైకెల్లి కిందికే తుడిసిన,
వాన ఎటు కారుతదో అటే.

పొద్దుమీకి ఓదెలొచ్చిండు,
ఇంధనం సెక్షన్ల నాతోని పనిజేసినోడు.
అద్దాలు నుదుటి మీదికి నెట్టి
కండ్లను బండికానిచ్చి చూసిండు.
శాన సేపు.

"అంతా మంచిగున్నది గని,
ఎడమ దిక్కు ట్యాంకు మూత కింద గా కారుడేది?"

ఆ కారుడు.
మూడు మాట్ల లాగ్ బుక్కుల రాసిన.
గ్యాస్కెట్టు రాలే.
బండి కండెమయ్యేదాక కారుకుంటనే తిరిగింది,
పట్టాల నడుమ నల్లటి చార గీసుకుంట.

నేను కుంచె అందుకున్న.
"ఇంకింత," అన్నడు. "ఊహూ, కొంచెం ఎనుకకు.
ఆ మెట్టు మీద వడి చీలుతుండె, యాదికి లేదా?"
జీతం తీసుకొని ఆపలేని దాన్ని
చెంచాడు టర్పెంటైనుతోని
ఇద్దరం కూసొని కారవెట్టినం.

పొయ్యేటప్పుడు ఓదెలు
మూతను వేలితోని తాకి
వాసన చూసుకున్నడు.
డీజిలు గాదని తెలుసు.
అయినా చెయ్యి కడుక్కోకుంటనే
చెప్పులేసుకున్నడు.